ఒక మేకు, నాలుగు టైర్లు

"మావయ్యా, ఒక్క టైరుకు మేకు దిగితే నాలుగూ మార్చమంటున్నాడు. ఇది మోసం కాదూ?"

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం నుంచి మా మేనల్లుడు ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇది. వాడిది సుబారు అవుట్‌బ్యాక్. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే బండి కాబట్టి, మంచులో ఒక చక్రం జారినా మిగతావి పట్టు చిక్కించుకుని లాక్కుపోతాయి. చలి ప్రాంతాల్లో స్థిరపడ్డ మనవాళ్లు ఇలాంటి బండ్లను కొనేది అందుకే.

మేకు టైరు పక్కగోడలో దిగింది. నేలను తాకే భాగంలో దిగి, రంధ్రం 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే లోపలి నుంచి అతుకు వేసి బాగు చేయవచ్చు. పక్కగోడ అలా కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ అది వంగి లేస్తుంది, అక్కడ వేసిన అతుకు నిలవదు. ఆ టైరు పోయినట్టే. వాడి బాధ మాత్రం మిగిలిన మూడింటి గురించి. వాటికి ఇంకా సగం ఆయుష్షు ఉంది.

"మన అంబాసిడర్‌కు టైరు పోతే తాతయ్య ఒక్కటే వేయించేవాడుగా?" అన్నాడు.

వేయించేవాడు, బండికి ఏమీ అయ్యేది కాదు. అప్పుడు కానిది ఇప్పుడెందుకు అవుతుంది? ఈ అధ్యాయంలో మనం వెతికేది దీని జవాబే. అది మొదలయ్యేది మెకానిక్ షెడ్డులో కాదు, వరి కళ్లంలో.

కళ్లంలో బంతి

ట్రాక్టర్లు రాకముందు కళ్లంలో పనలు పరిచి, నడుమ రాట పాతి, నాలుగైదు పశువుల్ని ఒకే తాడుకు వరసగా కట్టి తొక్కించేవాళ్లు. దాన్నే బంతి కట్టడం అనేవాళ్లు. రాట పక్కనున్న ఎద్దు దాదాపు నిలబడ్డచోటే తిరుగుతున్నట్టు చిన్నచిన్న అడుగులు వేస్తుంది. కొసనున్న పశువు పరుగులాంటి నడక నడవాలి. చుట్టు పూర్తయ్యేది అన్నింటికీ ఒక్కసారే. నడిచిన దూరం మాత్రం దేనిది దానిదే.

కారు మలుపు తిరిగినప్పుడు జరిగేదీ ఇదే. ఎడమ, కుడి చక్రాల మధ్య సుమారు 1.5 మీటర్ల ఎడం ఉందనుకుందాం. వీధి మూల తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే 2.4 మీటర్లు ఎక్కువ దొర్లాలి. బండి గుండ్రంగా పూర్తి చుట్టు తిరిగితే ఆ తేడా 9.4 మీటర్లు. మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ తేడా మారదు.

ఎద్దుల బండికి దీంతో ఇబ్బంది లేదు. ఇరుసు కదలదు, కందెన పూసిన ఆ ఇరుసు మీద రెండు చక్రాలూ దేనికది తిరుగుతాయి. లాగే పని ఎద్దులది, దొర్లే పని చక్రాలది. కారులో లాగే పనీ చక్రానిదే. ఇంజను రెండు చక్రాలనూ తిప్పాలి, పైగా దేని వేగం దానికి వదిలిపెట్టాలి కూడా. ఈ చిక్కుముడిని విప్పే పళ్లచక్రాల అమరికకు 1827లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల నిపుణుడు పేటెంటు తీసుకున్నాడు. ఆవిరితో నడిచే బండి కోసం ఆయన దాన్ని రూపొందించాడు. మెకానిక్కులు డిఫరెన్షియల్ అనే ఆ అమరికను మనం తేడా సర్దే పెట్టె అందాం. లారీ వెనక నిలబడి కిందికి వంగి చూస్తే ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కుండలా కనిపించేది అదే.

దాని పని తక్కెడ పనిలాంటిది. ఒక సిబ్బె ఎంత దిగితే రెండోది అంత లేచినట్టు, ఒక చక్రం ఎంత నెమ్మదిస్తే రెండోది అంత వేగం పుంజుకుంటుంది. నేరుగా పోతున్నంతసేపు పెట్టెలోని చిన్న పళ్లచక్రాలు తమ చుట్టూ తాము తిరగవు, మొత్తం అమరికతో కలిసి ప్రయాణిస్తాయి. మలుపు వచ్చినప్పుడే వాటికి పని. మలుపు దాటగానే మళ్లీ విశ్రాంతి.

అంబాసిడర్‌లో వెనక చక్రాలే బండిని తోసేవి. అందులో ఉన్నది ఒక్క పెట్టె, అదీ వెనక. ముందు చక్రాలు ఎద్దుల బండి చక్రాల్లా స్వేచ్ఛగా దొర్లేవి. ముందు ఒక కొత్త టైరు వేస్తే యంత్రానికి ఆ సంగతే తెలియదు. వెనక వేస్తే ఆ చిన్న తేడాను పెట్టె సర్దుకునేది. తాతయ్య లెక్క ఆ బండికి సరిపోయింది.

ముందుకూ వెనక్కూ మధ్య

నాలుగు చక్రాలూ లాగే బండిలో ముందొక పెట్టె, వెనకొక పెట్టె ఉంటాయి. రెండింటినీ కలుపుతూ బండి పొడవునా ఒక కడ్డీ ఉంటుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే విశాలమైన దారిలో పోతాయి. కాబట్టి అప్పుడు ముందు జత వేగం, వెనక జత వేగం కూడా ఒకటి కావు. వాటి మధ్య మూడో జోడింపు ఎలా ఉండాలన్నదాన్ని బట్టే ఈ బండ్లలో రకాలు ఏర్పడ్డాయి.

మొదటి రకంలో సర్దుబాటే ఉండదు. మహీంద్రా థార్ ఫోర్ బై ఫోర్‌లో లివరు వేయగానే ముందు కడ్డీ, వెనక కడ్డీ ఒక్కటిగా బిగుసుకుంటాయి. ఇద్దరు చెరో కొస పట్టుకుని తడి దుప్పటి పిండడం గుర్తుచేసుకోండి. ఒకరు కాస్త ఎక్కువ తిప్పినా మెలి బిగుస్తుంది. బురదలో, ఇసుకలో చక్రం కొంచెం జారి ఆ మెలిని వదిలేస్తుంది. పొడి తారు రోడ్డు జారనివ్వదు. మెలి కడ్డీల్లోనే పేరుకుంటుంది. అందుకే పొడి రోడ్డు మీద ఆ లివరు వాడకూడదు.

రెండో రకంలో మధ్యలో కూడా ఒక తేడా సర్దే పెట్టె ఉంటుంది. 1980లో జెనీవా ప్రదర్శనలో ఆడి కంపెనీ చూపించిన క్వాట్రో ఈ పద్ధతిలోనిదే.

మూడో రకం ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నది. మా వాడి బండిలోనూ, మన దగ్గర మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్‌లోనూ ఉన్నది ఇదే. దీన్ని బిళ్లల కట్ట అందాం. ఇడ్లీ పాత్రలో పళ్లాల్లా పలుచని బిళ్లలు ఒకదాని మీద ఒకటి వరసగా ఉంటాయి. ఒక బిళ్ల ముందు చక్రాల వైపుది, దాని పక్కది వెనక చక్రాల వైపుది, మళ్లీ ముందుది, మళ్లీ వెనకది. అన్నీ నూనెలో మునిగి ఉంటాయి. బండిలోని కంప్యూటర్ ఈ కట్టను గట్టిగా నొక్కితే రెండు వైపులూ కలిసి తిరుగుతాయి. వదులు చేస్తే బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారి తేడాను సర్దుతాయి. జారితే రాపిడి, రాపిడితో వేడి. మూల మలుపులోనో, రోడ్డు మీద మంచు పలకలోనో కొద్ది క్షణాలు జారి ఊరుకోవడానికే వాటిని తయారుచేశారు.

నాలుగు చక్రాలూ ఒకే కొలతలో ఉన్నాయన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా నిలబడి ఉంది. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్ నిరంతరం చూస్తుంటుంది. ఒకటి మిగతావాటి కంటే వేగంగా తిరిగితే అది జారుతోందని లెక్క. అరిగి చిన్నదైన చక్రం కూడా వేగంగానే తిరుగుతుంది. అది జారుతోందో, చిన్నదైందో కనిపెట్టడం యంత్రానికి తేలిక కాదు. జారుతోందనుకుంటే కట్టను ఇంకా గట్టిగా నొక్కుతుంది.

మిల్లీమీటరు చేసే పని

టైరు మీది గాళ్లను దున్నిన చేనుతో పోల్చవచ్చు. లోతుగా ఉన్నవి చాళ్లు, ఎత్తుగా ఉన్నవి గట్లు. గట్లు రోడ్డును పట్టుకుంటాయి, చాళ్లు వాన నీటిని బయటికి తోస్తాయి. కొత్త కారు టైరులో చాలు లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. 1.6 మిల్లీమీటర్లకు దిగితే ఆ టైరును రోడ్డెక్కించకూడదని మన దేశంలోనూ, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లోనూ నిబంధన ఉంది.

చాలు ఒక మిల్లీమీటరు అరిగితే టైరు చుట్టుకొలత 6 మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గుతుంది. విచిత్రం ఏమిటంటే, సైకిలు చక్రమైనా లారీ చక్రమైనా ఒక మిల్లీమీటరు అరుగుదలకు చుట్టుకొలతలో తగ్గేది అంతే. చక్రం సైజుతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు మా వాడి బండి లెక్క చూద్దాం. కొత్త టైరు చుట్టూ టేపు పెట్టి కొలిస్తే దాదాపు 2,275 మిల్లీమీటర్లు వస్తుంది. 3.2 మిల్లీమీటర్లు అరిగిన పాత టైరుకు 2,255 వస్తుంది. తేడా 20 మిల్లీమీటర్లు, మీ బొటనవేలి వెడల్పు. కిలోమీటరు దూరానికి కొత్త టైరు 440 చుట్లు తిరిగితే పాతది సుమారు నాలుగు చుట్లు ఎక్కువ తిరగాలి. మినియాపొలిస్ నుంచి డులూత్ ఊరికి 250 కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలో తేడా వెయ్యి చుట్లకు చేరుతుంది. బండి బరువుకు నలిగి తిరిగే టైరులో ఈ అంకె కొంత తగ్గవచ్చు. తేడా మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ భారం ఎవరి మీద పడుతుంది? ఒక్క కొత్త టైరే వేస్తే, ఆ ఇరుసు మీది పెట్టె ముందుగా తేడాను సర్దుతుంది. నేరుగా పోతున్న రోడ్డు మీద కూడా దానిలోని చిన్న పళ్లచక్రాలు తిరుగుతూనే ఉంటాయి. బండి ప్రతి కిలోమీటరుకూ దాదాపు ఒక పూర్తి చుట్టు కొట్టినంత పని వాటికి. మధ్యలోని బిళ్లల కట్టకు తేడాలో సగం, అంటే కిలోమీటరుకు రెండు చుట్లు చేరుతుంది.

ఒకే ఇరుసుకు రెండు కొత్త టైర్లు వేస్తే? ఎడమ కుడి సమానం కాబట్టి ఆ పెట్టె హాయిగా ఉంటుంది. మొత్తం నాలుగు చుట్ల తేడా బిళ్లల కట్ట మీద పడుతుంది. రెండు చక్రాలే లాగే కార్లలో టైర్లను జతగా మార్చమన్నది మంచి సలహా. వానలో వెనక భాగం జారకుండా ఆ కొత్త జతను వెనక వేయమంటారు కూడా. నాలుగు చక్రాలూ లాగే బండిలో అదే సలహా మధ్య జోడింపును అన్నిటికంటే ఎక్కువ కష్టపెడుతుంది.

బిళ్లలు రోజుల తరబడి ఇలా రాసుకుంటే నూనె మాడుతుంది, బిళ్లల ముఖం నున్నబడుతుంది. ఆ బాధ ఒక చోట బయటపడుతుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండిని మెల్లగా కదిపితే, వెనక ఎవరో పట్టి ఆపుతున్నట్టు గింజుకుంటూ, కుదుపుతూ కదులుతుంది. అంతదాకా వస్తే మరమ్మతు ఖర్చు ముందు నాలుగు టైర్ల ఖర్చు చిన్నదే.

టైరు మీది రాత

ఇంతవరకూ టైరు అంతా ఒకేలా అరిగిందనుకుని మాట్లాడాం. నిజంగా అలా అరిగే టైరు తక్కువ. మీ పాత చెప్పుల జతను తిప్పి చూడండి. ఒకరికి మడమ బయటి అంచు అరుగుతుంది, ఒకరికి బొటనవేలి కింద గుంట పడుతుంది. చెప్పు అడుగు చూసి నడక చెప్పినట్టే, టైరు ముఖం చూసి బండి జబ్బు చెప్పవచ్చు.

రెండు అంచులూ అరిగి నడిమి భాగం నిలిచి ఉంటే గాలి తక్కువతో తిరిగిన టైరు. నడుమ అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువైన టైరు. చలి దేశాల్లో మొదటిదే ఎక్కువ. ఉష్ణోగ్రత సుమారు 5 లేదా 6 డిగ్రీల సెల్సియస్ పడిపోయిన కొద్దీ టైరులో ఒక పీఎస్ఐ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 20 డిగ్రీల శరత్కాలపు పగలు 33 పీఎస్ఐ పట్టించిన టైరు, సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉన్న జనవరి ఉదయానికి 26 దగ్గర ఉంటుంది. గాలి ఎక్కడా కారలేదు, చలికి ముడుచుకుంది, అంతే. అంచులు మాత్రం అరగడం మొదలవుతుంది.

ఒక్క అంచే అరిగితే చక్రం పక్కకు వాలి తిరుగుతోందని అర్థం. ముఖం మీద అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు నీరసించి చక్రం ఎగురుతూ దొర్లుతోందన్నమాట.

కంటికి అందని జబ్బు ఇంకొకటి ఉంది. దాన్ని చేత్తోనే పట్టుకోవాలి. బండి ఆపి, టైరు చల్లారాక, అరచేతిని గట్ల మీద బయటి అంచు నుంచి లోపలి అంచుకు మెల్లగా జరపండి. తర్వాత లోపలి నుంచి బయటికి జరపండి. ఒక దిశలో నున్నగా పోయి, ఎదురు దిశలో చెరకు ఆకు అంచులా గరుకుగా తగిలితే ఆ చక్రం మొన తప్పింది. కాలి వేళ్లు లోపలికి తిప్పి నడిచే మనిషిలా, చక్రం ఒక వైపు చూస్తుంటే బండి ఇంకో వైపు పోతోంది. డిగ్రీలో పదో వంతు తప్పినా, కిలోమీటరు పోయేసరికి ఆ చక్రాన్ని 1.75 మీటర్లు పక్కకు ఈడ్చినంత రాపిడి. ఒక్క గుంతలో గట్టిగా పడితే చాలు, మొన తప్పడానికి. వీల్ అలైన్‌మెంట్ అనే పనిలో ముఖ్యమైనది ఈ మొనల్ని సరిచేయడమే.

ఏ జబ్బూ లేకపోయినా ముందు టైర్లే త్వరగా అరుగుతాయి. ఇంజను బరువు, మలుపు తిప్పే పని, బ్రేకు వేసినప్పుడు ముందుకు వాలే భారం వాటి మీదే కదా. అందుకే ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్చాలి. మామూలు కారులో ఇది పొదుపు. నాలుగు చక్రాలూ లాగే బండిలో బిళ్లల కట్టకు కాపలా. మార్చకుండా వదిలేస్తే, ఏ మేకూ దిగకుండానే ముందు జతకూ వెనక జతకూ తేడా పెరుగుతూ పోతుంది.

ఒకటా, రెండా, నాలుగా?

నేను ఇచ్చే సలహా ఒక్కటే: ముందు కొలవండి. చాలు లోతు కొలిచే చిన్న గేజి కొద్ది ఖరీదుకే దొరుకుతుంది. ప్రతి టైరునూ మూడు చోట్ల కొలవాలి: బయటి అంచు, నడుమ, లోపలి అంచు. పన్నెండు అంకెలు కాగితం మీద పెట్టాక మాట్లాడితే, దుకాణదారుకూ మీకూ మధ్య అనుమానానికి చోటుండదు.

ఆ తర్వాత బండితో వచ్చిన పుస్తకం తెరవండి. సుబారు కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం, అంటే 6.4 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. చాలు లోతులో అది ఒక మిల్లీమీటరు. కొన్ని కంపెనీలు ఇంతకంటే ఎక్కువ తేడాను ఒప్పుకుంటాయి. మీ బండికి ఏ హద్దు ఉందో దాన్నే పాటించండి.

మిగతా మూడూ హద్దు లోపల ఉంటే ఒక్క టైరు చాలు. అదే కంపెనీది, అదే రకం, అదే సైజు కావాలి. ఒకే సైజు ముద్రించి ఉన్నా వేర్వేరు కంపెనీల టైర్ల చుట్టుకొలతలు ఒకటిగా ఉండవు.

మూడూ సమానంగా సగం అరిగి ఉంటే మంచి మార్గం ఒకటుంది. కొత్త టైరును యంత్రానికి ఎక్కించి తిప్పుతూ, పదునైన కత్తితో పైపొరను చెక్కి పాత వాటి కొలతకు తెస్తారు. అమెరికాలో ఈ పని చేసే దుకాణాలున్నాయి. కొత్త రబ్బరును చెక్కి పారేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ మూడు మంచి టైర్లు చెత్తలోకి పోకుండా కాపాడేది ఆ చెక్కుడే. లేదంటే అదే రకం టైరు అంతే అరిగింది పాత సరుకులో వెతకవచ్చు. పక్కగోడ మీది చివరి నాలుగు అంకెలు దాని పుట్టిన తేదీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

అరుగుదల హద్దు దాటి, పైగా ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగూ మార్చడమే దారి. దానికి కారణమైన జబ్బును కూడా అదే రోజు నయం చేయించాలి. లేకపోతే కొత్త టైర్లు పాత దారినే పోతాయి.

డిక్కీలో ఉండే సన్నపాటి స్పేరు టైరును గంటకు 80 కిలోమీటర్లు మించకుండా, దగ్గరి షాపు దాకా మాత్రమే వాడాలి. పాత ఆటోమేటిక్ సుబారుల్లో ఆ స్పేరు వేసినప్పుడు పెట్టడానికి బానెట్ కింద ఒక ఫ్యూజు చోటు ఉండేది. ఆ ఫ్యూజు పెడితే వెనక చక్రాలకు బలం ఆగి, బిళ్లలకు రాపిడి తప్పేది. తయారు చేసినవాళ్లు ఈ తేడాను ఎంత గంభీరంగా తీసుకున్నారో ఆ చిన్న ఫ్యూజు చెబుతుంది.

వాడు కొలిచాడు

మా మేనల్లుడు మర్నాడు గేజి కొని ఫోన్ చేశాడు. "మూడూ 4.8 మావయ్యా, సమానంగానే ఉన్నాయి. ఒకటి కొని చెక్కించేస్తా."

"లోపలి అంచు కొలిచావా?"

"చెయ్యి దూరడం లేదు."

"స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పు. చక్రం బయటికి తిరుగుతుంది. అప్పుడు కొలువు."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కుడి ముందు టైరు లోపలి అంచు 2.4. నడుమ 4.8, ఒక జానెడు కూడా లేని వెడల్పులో సగానికి సగం తేడా. కిందటి వేసవిలో ఒక గుంతలో బండి దబ్బున పడ్డ సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది వాడికి. దుకాణదారు చెప్పిన ముగింపు సరైనదే. కారణం మాత్రం సగమే చెప్పాడు. మిగతా సగం ఏడాదిగా ఆ టైరు లోపలి అంచు మీద రాసి ఉంది, వంగి చదివినవాళ్లు లేరు.

నాలుగూ మార్చాడు. అదే రోజు అలైన్‌మెంట్ చేయించాడు. నెలకొకసారి, బండి కదపకముందే, ఉదయం చల్లటి టైర్లలో గాలి చూస్తున్నాడు. ముందూ వెనకా టైర్లను తారుమారు చేయించిన రోజున నాకొక ఫోటో పంపాడు. కాగితం మీద బండి బొమ్మ గీసి, నాలుగు మూలలా నాలుగు అంకెలు వేశాడు: 7.1, 7.1, 7.0, 7.1.